కారు తుక్కయినా పేరు మనదే!

"మనిషి దక్కాడు, అదే పదివేలు." కారు ప్రమాదం జరిగిన ఇంట్లో మొదట వినిపించే మాట ఇది. నిజమే, ప్రాణం కంటే కారు ఎక్కువా? కానీ నాలుగు రోజులు పోయాక షెడ్డు నుంచి ఫోనొస్తుంది. "అమ్మా, ఇది బాగుచేసినా దండగే. టోటల్ లాస్ అంటున్నారు. కాగితాల మీద మీ సంతకం కావాలి." ఆ సంతకం దగ్గరే మనం కాస్త ఆగాలి.

నరసరావుపేట నుంచి మాచర్లకి పెళ్ళికి బయల్దేరిన కారు పిడుగురాళ్ళ దగ్గర లారీని గుద్దిందనుకుందాం. కారు కొన్నది ఇంటాయన. రిజిస్ట్రేషన్ మాత్రం ఇల్లాలి పేరున. ఇలాంటి ఇళ్ళు మనకి కొత్త కాదు. ఆ ఇంట్లో ఉన్నది థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే అయితే సొంత కారుకి పైసా రాదు. ఫుల్ పాలసీ ఉంటే వస్తుంది. ఎంత వస్తుంది?

పాలసీ మీద ఐ.డి.వి. అని ఒక అంకె ఉంటుంది. కారుకి కట్టిన విలువ అదే. కారు వయసు పెరిగే కొద్దీ అది తగ్గుతుంది. మామూలు లెక్క ప్రకారం, మూడేళ్ళు దాటి నాలుగేళ్ళ లోపు ఉన్న కారుకి 40 శాతం తీసేస్తారు. 8 లక్షల కారు 4 లక్షల 80 వేలవుతుంది. రిపేరు ఖర్చు అందులో 75 శాతం, అంటే 3 లక్షల 60 వేలు దాటిందా, అది టోటల్ లాసే. ప్రీమియం కాస్త తగ్గుతుందని ఐ.డి.వి. తగ్గించుకున్న వాళ్ళకి అసలు నష్టం తెలిసేది అప్పుడే.

ఆ డబ్బయినా అంతా చేతికి రాదు. బ్యాంకు అప్పుంటే ముందు దానికి జమ. తుక్కు మనమే ఉంచుకుంటే దాని విలువ తగ్గించి ఇస్తారు. చాలామంది ఆ తుక్కుని ఎవరో ఒకరికి అమ్మేసి "పీడా పోయింది" అనుకుంటారు. పీడ పోలేదు! కొన్నవాడు దానికి మరమ్మతు చేసి రోడ్డెక్కిస్తే? ఆర్.సి.లో పేరు ఇంకా మీదే.

ఇది ఉత్తి భయం కాదు. ఒక కారు అమ్ముడై చేతులు మారింది, ఆర్.సి. మాత్రం మారలేదు. 2009లో ఆ కారు వల్ల ప్రమాదం జరిగింది. నష్టపరిహారం బాధ్యత ఆర్.సి.లో పేరున్న మనిషిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది తుక్కు కారు కేసు కాదు. కానీ సూత్రం ఒకటే కదా.

అందుకే ఇక పనికిరాదన్న బండి సంగతి 14 రోజుల్లో రవాణా శాఖకి తెలియజేసి, ఆర్.సి. అప్పగించమంటోంది మోటారు వాహనాల చట్టం. అమ్మేట్టయితే 29, 30 నంబరు ఫారాలు నింపి ఊరుకోకండి. పేరు మారిందాకా వెంటపడండి. ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం చెయ్యకండి.

కంపెనీ కట్టిన లెక్క నచ్చకపోతే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాది లోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

ఆస్తి మన పేరున ఉండాలని అడుగుతాం. అడగాల్సిందే. కానీ పేరు మనదైనప్పుడు కాగితాలు "ఆయన చూసుకుంటారులే" అని వదిలేస్తే ఎలా? ఈ ఆదివారం బీరువాలోనో ఫోనులోనో ఉన్న పాలసీ బయటికి తియ్యండి. అది ఫుల్ పాలసీయేనా, ఐ.డి.వి. ఎంత, గడువు ఎప్పటిదాకా, ఈ మూడూ చూసుకోండి. అర్థం కాకపోతే ఏజెంటుని అడగండి. అడగడంలో చిన్నతనం ఏమీ లేదు.