మన డ్రాఫ్ట్స్‌మన్ పిల్లలకి సొంత టెంప్లేట్ ఎందుకు ఉండాలి?

పోస్టు కొంచెం పెద్దదే. డిప్లొమా సివిల్, ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్, బీటెక్ సివిల్ చదివేవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి. మిగతావాళ్ళు మీ తండాలోనో గూడెంలోనో అలాంటి చదువు చదివేవాళ్ళు ఉంటే వాళ్ళకి పంపండి.

మేం చెప్పేది ఒక్కటే మాట. మన పిల్లలు ఆటోకాడ్‌లో గీయడం నేర్చుకుంటున్నారు. గీయడానికి ముందు చేసుకోవాల్సిన ఏర్పాటు మాత్రం నేర్చుకోవడం లేదు. ఏ గీత ఏ లేయర్‌లో ఉండాలి, అక్షరం ఎంత ఎత్తు ఉండాలి, కొలత ఎలా కనపడాలి, ప్రింట్‌లో ఏ గీత ఎంత మందంగా రావాలి, ఇవన్నీ ముందే పెట్టుకుని దాచుకునే ఫైల్‌ని టెంప్లేట్ అంటారు. ఆ ఫైల్ మనవాళ్ళ చేతిలో లేదు. మనమే ఒకటి తయారుచేసుకుని అందరం వాడుకుందాం అని మా ప్రతిపాదన.

ఎందుకు లేదు అంటే, అది పుస్తకంలో దొరికేది కాదు. నరసరావుపేటలోనో గుంటూరులోనో ప్లాన్లు గీసే ఆఫీసు ఉన్న ఇంట్లో పుట్టిన కుర్రాడికి ఆ ఫైల్ వాళ్ళ బాబాయి కంప్యూటర్‌లోనే ఉంటుంది. కాలేజీలో చేరకముందే దాన్ని చూసి ఉంటాడు. ఏ పొరలో ఏముందో అడిగితే చెప్పేవాళ్ళు ఇంట్లోనే ఉంటారు. బొల్లాపల్లి, వెల్దుర్తి వైపు తండాల నుంచి, నల్లమల అంచు చెంచు గూడేల నుంచి, యానాది, ఎరుకల కాలనీల నుంచి వచ్చినవాళ్ళకి అలాంటి బాబాయి ఎక్కడున్నాడు? మన ఇళ్ళలో డ్రాయింగ్ ముట్టుకున్న మొదటి మనిషి మనమే. పొలం, బంగారం వారసత్వంగా వస్తాయని అందరికీ తెలుసు. ఒక ఫైల్ కూడా అలాగే వస్తుందని మనం గమనించలేదు.

కాలేజీ ల్యాబ్‌లో దీని అవసరం తెలియదు. అక్కడ కంప్యూటర్‌లో అన్నీ ఎవరో ముందే పెట్టి ఉంచుతారు. మనం లైన్, ఆఫ్‌సెట్, ట్రిమ్ కొట్టి రికార్డ్ రాసుకుని మార్కులు తెచ్చుకుంటాం. అసలు సంగతి ఉద్యోగానికి వెళ్ళిన రోజు తెలుస్తుంది. చేత్తో వేసిన స్కెచ్ ఒకటి ఇచ్చి, రెండు గంటల్లో ప్లాన్ గీసి ప్రింట్ తీసి చూపించమంటారు. ఖాళీ ఫైల్ తెరుస్తాం. మామూలుగా వచ్చే మెట్రిక్ ఫైల్‌లో కొలతలు మిల్లీమీటర్లలో ఉంటాయి. 30 అడుగుల గోడ అంటే 9144 మిల్లీమీటర్లు. ఆ ఫైల్‌తో వచ్చే డైమెన్షన్ స్టైల్‌లో అక్షరం ఎత్తు 2.5 మాత్రమే. తొమ్మిది వేల పొడవు గోడ పక్కన రెండున్నర ఎత్తు అక్షరం చీమకంటే చిన్నగా ఉంటుంది, కనపడనే కనపడదు. కుర్రాడికి గీయడం వచ్చు, కానీ గంటసేపు అక్షరాలతో, బాణం గుర్తులతో కుస్తీ పడతాడు. పక్కన కూర్చున్నవాడు టెంప్లేట్ తెరిచి పని ముగించుకుని టీ తాగడానికి వెళ్తాడు. ఇంతా చూసి పెద్దమనిషి అనేదేమిటి? "వీళ్ళకి స్పీడు ఉండదు." ఇది చేతి వేగం సంగతి కాదు, ఫైల్ సంగతి. ఈ మాట మనం గట్టిగా చెప్పుకోవాలి.

లెక్క చాలా చిన్నది. కాగితం మీద అక్షరం 2.5 మిల్లీమీటర్లు ఉండాలి, స్కేలు 1:100 అనుకుంటే, మోడల్‌లో అక్షరం 250 ఉండాలి. 1:50 అయితే 125. ఆటోకాడ్ 2008 నుంచి యానోటేటివ్ అనే సదుపాయం ఉంది. అది పెట్టుకుంటే ఈ గుణకారం సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. ఒకసారి సరిగా పెట్టి దాచుకుంటే మళ్ళీ జన్మలో ఆ లెక్క వేసుకోనక్కర్లేదు.

మన ఉమ్మడి టెంప్లేట్‌లో ఏమేం ఉండాలో మా ఆలోచన ఇది.

ఒకటి, కొలతలు. మేస్త్రీకి అడుగులు, అంగుళాలు కావాలి. ఆఫీసు కాగితానికి మీటర్లు కావాలి. కాబట్టి రెండు ఫైళ్ళు ఉండాలి, ఒకటి అడుగులది, ఒకటి మెట్రిక్‌ది. రెంటినీ కలిపి ఒకే ఫైల్‌లో ఇరికిస్తే గందరగోళమే.

రెండు, లేయర్లు. గోడ, తలుపు, కిటికీ, మెట్లు, కొలతలు, రాత, ఫర్నిచర్, స్థలం హద్దు, ఇలా వేటికవి. పేరు చూడగానే కొత్తవాడికి కూడా అర్థం కావాలి. "లేయర్ 1, లేయర్ 2" అని పెట్టుకున్న ఫైల్‌ని ఆర్నెల్ల తర్వాత గీసినవాడే పోల్చుకోలేడు.

మూడు, రాత. ఆటోకాడ్ పాత ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లలో తెలుగు రాదు, ప్రశ్న గుర్తులే వస్తాయి. తెలుగు పేర్లు రాయాలంటే గౌతమి లాంటి యూనికోడ్ ఫాంట్‌తో వేరే టెక్స్ట్ స్టైల్ ఉండాలి. ఒత్తులు సరిగా పడుతున్నాయో లేదో తెర మీద చూసి నమ్మకుండా ప్రింట్ తీసి చూసుకోవాలి. గది పేర్లు తెలుగులో ఉంటే ఇల్లు కట్టుకునే అమ్మ కూడా ప్లాన్ చదువుతుంది. అది చిన్న విషయం కాదు.

నాలుగు, ప్రింట్. గీత మందాలు సీటీబీ అనే వేరే ఫైల్‌లో పెట్టుకుంటే అవి డ్రాయింగ్‌లో ఉండవు. డ్రాయింగ్ ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని జిరాక్స్ షాపుకి వెళ్తే గోడకి, కొలత గీతకి తేడా లేకుండా ఒకే మందంతో వచ్చేది అందుకే. ఈ-ట్రాన్స్‌మిట్ కమాండ్‌తో ఫాంట్లు, సీటీబీ అన్నీ ఒకే మూటగా కట్టుకోవచ్చు. ఇది చాలామందికి చెప్పేవాళ్ళు లేరు.

ఐదు, టైటిల్ బ్లాక్. ఏ4, ఏ3, ఏ1 కాగితాలకి అంచులు, గీసినవారి పేరు, తేదీ, స్కేలు, షీటు నంబరు, ఇవన్నీ యాట్రిబ్యూట్లుగా ఉండాలి. డబుల్ క్లిక్ చేసి నింపుకుంటే సరిపోవాలి.

ఆరు, బ్లాకులు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నెట్‌లో దొరికే బ్లాకులన్నీ సోఫాలు, బాత్‌టబ్బులు, ఎనిమిది కుర్చీల డైనింగ్ టేబుళ్ళు. తండా ఇంటికి ప్లాన్ గీస్తూ అవి పడేస్తే ఆ ఇల్లు ఎవరిదో తెలియదు. మనకి నులక మంచం కావాలి, గాబు కావాలి, కట్టెల పొయ్యి, అరుగు, మేకల దొడ్డి, మిరప కళ్ళం కావాలి. పల్నాడు ఇళ్ళలో నేలకి నాపరాళ్ళు పరుస్తారు, దానికి రెండడుగుల పలకల హ్యాచ్ కావాలి. టేపు పట్టుకుని మన ఇంట్లో మంచం కొలిచి బ్లాక్ చేస్తే పది నిమిషాల పని. మంచం పట్టని గదిని ఎవరూ గది అనరు. ఆ మంచాన్ని ప్లాన్‌లో పెట్టి చూపిస్తే "ఈ గది చాలదు సార్" అని వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడే అసలు విషయం ఉంది. ప్రభుత్వం ఇచ్చే ఇళ్ళు కూడా ఒక టెంప్లేటే. 2020లో మొదలైన పేదలందరికీ ఇళ్ళు పథకంలో ఊళ్ళలో సెంటున్నర, పట్టణాల్లో సెంటు స్థలం ఇచ్చారు. సెంటున్నర అంటే 72.6 గజాలు. 2023 నవంబర్ 15న మొదలైన పీఎం జన్‌మన్‌లో చెంచుల్లాంటి వాళ్ళకి పక్కా ఇళ్ళు ఒక భాగం. ఇలాంటి పథకాలకి నమూనా ప్లాన్ ఒకచోట తయారవుతుంది, ఆ నమూనాతోనే ఎన్నో ఊళ్ళలో ఇళ్ళు లేస్తాయి. అందులో పొయ్యి ఎక్కడ, మేకలెక్కడ, ముసలాళ్ళు ఎండాకాలం పడుకునే అరుగెక్కడ అని అడిగే హక్కు మనకుంది. కానీ నోటితో అడిగితే గాలికి పోతుంది. స్కేలుకి గీసి, కొలతలు వేసి, అదే స్థలంలో ఇలా కూడా కట్టొచ్చు అని కాగితం పెడితే సమాధానం చెప్పాల్సి వస్తుంది. ఆ కాగితం గీయగలిగినవాళ్ళు ఈ గ్రూపులోనే ఉన్నారు.

ఇంకో కారణం. మన రాష్ట్రంలో మున్సిపాలిటీల్లో ఇంటి ప్లాన్ అనుమతి ఇప్పుడు ఆన్‌లైన్‌లో జరుగుతోంది. అక్కడ డ్రాయింగ్‌ని మనిషికంటే ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. స్థలం హద్దు ఏది, కట్టడం హద్దు ఏది, చుట్టూ వదిలిన ఖాళీ ఎంత అని అది లేయర్ పేరు చూసి తెలుసుకుంటుంది. గీత అందంగా ఉన్నా తప్పు లేయర్‌లో ఉంటే దానికి ఆ గీత లేనట్టే. అంటే లేయర్ల క్రమశిక్షణ ఇప్పుడు బతుకుతెరువు సంగతి.

కొందరు అడిగే ప్రశ్నలకి కూడా జవాబు చెప్పాలి. "ఉద్యోగంలో చేరితే ఆఫీసువాళ్ళే వాళ్ళ టెంప్లేట్ ఇస్తారుగా?" ఇస్తారు, చేరిన తర్వాత. చేరడానికి ముందు రోజు సంగతి మేం చెబుతున్నది. పైగా ఒక టెంప్లేట్ సొంతంగా కట్టినవాడికి ఇంకొకరి టెంప్లేట్ ఒక్క పూటలో అర్థమవుతుంది.

"ఇప్పుడంతా రెవిట్, బిమ్ అంటున్నారు, ఇది పాతబడిపోదా?" రెవిట్‌లోనూ టెంప్లేట్ ఉంటుంది, అక్కడ ఇంకా ఎక్కువ పని చేస్తుంది. సాఫ్ట్‌వేర్ మారుతుంది, ముందు ఏర్పాటు చేసుకోవాలన్న అలవాటు మారదు.

"ఏ ఆఫీసు ఫైలో కాపీ కొట్టి పెడితే సరిపోదా?" ఈ మాటకి మేం ఒప్పుకోం. వాళ్ళు ఏళ్ళ తరబడి చేసుకున్న పని అది. అందులో వాళ్ళ ఖాతాదారుల పేర్లు, వివరాలు కూడా ఉంటాయి. మనవాళ్ళ మీద ఆ మచ్చ పడితే తర్వాత వచ్చే తమ్ముడికి తలుపు మూసుకుంటుంది. మొదటి గీత నుంచి మనమే కడదాం.

"సాఫ్ట్‌వేర్ కొనే డబ్బులెక్కడివి?" అర్హత ఉన్న విద్యార్థులకి ఆటోడెస్క్ ఏడాది లైసెన్స్ ఉచితంగా ఇస్తుంది, చదువుతున్నంతకాలం మళ్ళీ తీసుకోవచ్చు. అది చదువుకే, డబ్బులు తీసుకునే పనికి వాడకూడదు. సొంత పనికి లిబ్రేక్యాడ్ పూర్తిగా ఉచితం. అది డీఎక్స్‌ఎఫ్ ఫైళ్ళతో పనిచేస్తుంది. కాబట్టి మన టెంప్లేట్‌కి ఒక డీఎక్స్‌ఎఫ్ కాపీ కూడా ఉండాలి.

ఉమ్మడి ఫైల్ అన్నాక కట్టుబాట్లు ఉండాలి, లేకపోతే ఉమ్మడి బావిలా ఎవరూ పూడిక తీయరు. మేం అనుకునేవి ఇవి. అసలు ఫైల్ ఇద్దరి దగ్గరే ఉండాలి, మార్పులు వాళ్ళే చేయాలి. ఫైల్ పేరులో తేదీ ఉండాలి. "ఫైనల్, న్యూ ఫైనల్, లాస్ట్ ఫైనల్" అనేవి వద్దు. మన స్టైల్ పేర్లన్నీ ఒకే మాటతో మొదలవ్వాలి, "స్టాండర్డ్" అనే పేరు వాడొద్దు. ఎందుకంటే డిజైన్ సెంటర్ నుంచి ఒక స్టైల్‌ని లాగి ఇంకో డ్రాయింగ్‌లో వేసినప్పుడు అదే పేరుతో అక్కడ ఇంకొకటి ఉంటే అక్కడ ఉన్నదే నిలుస్తుంది, మనది రాదు. ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. టెంప్లేట్ మార్చినంత మాత్రాన పాత డ్రాయింగులు మారవు. కొత్తగా మొదలుపెట్టే వాటికే అది వర్తిస్తుంది. దాచే ముందు పర్జ్ కొట్టి చెత్త తీసేయాలి. చివరిగా, ఏది ఎందుకు పెట్టామో తెలుగులో ఒక పేజీ రాసి ఫైల్‌తోపాటే పెట్టాలి. ఫైల్ ఒక్కటే ఇస్తే వాడుకుంటారు. ఎందుకో చెబితే నేర్చుకుంటారు.

ఇప్పుడు మేం అడిగేది. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు ఇద్దరు ముగ్గురు ఒక ఆదివారం కేటాయించండి, లేయర్లు, స్టైల్స్ వరకు పునాది వేద్దాం. చదువుకుంటున్నవాళ్ళు ఈ సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు టేపు తీసుకెళ్ళండి. మంచం, గాబు, పొయ్యి, అరుగు, దొడ్డి కొలిచి, పక్కన ఊరి పేరు రాసి పంపండి. చేత్తో గీసిన బొమ్మ ఫోటో అయినా పర్లేదు. సాఫ్ట్‌వేర్ రానివాళ్ళు కూడా చేయగలిగిన పని ఇది. ముందు మాచర్ల, గురజాల, నరసరావుపేట, మూడు వైపుల నుంచి ఒక్కో ఇంటి కొలతలు వస్తే చాలు, మొదటి ఫైల్ మొదలుపెడతాం.