కప్పులేని అంగడి

పండ్లు, పూలు అమ్ముకునేందుకు మొజంజాహి మార్కెట్‌కు 1935 నాటికే గ్రానైట్ గోడలు, గడియారపు బురుజు వచ్చాయి. పాతబస్తీలో కోళ్లూ పక్షులూ అమ్మే మహబూబ్ చౌక్‌లో ప్రధాని ఆస్మాన్ జా గడియార స్తంభం కట్టించింది 1892లో. కోడికి దక్కిన గౌరవం గొర్రెకు దక్కలేదు, ఎద్దుకు అసలే దక్కలేదు. మేడ్చల్, శామీర్‌పేట వైపు వాళ్లం, జీవాల మీద బతికిన కుటుంబాల పిల్లలం, పశువుల అమ్మకానికంటూ చెప్పుకోదగ్గ కట్టడం ఒక్కటి కూడా సాధించుకోలేదు.

రైలు రాలేదని సాకు చెప్పడానికి లేదు. నిజాం కాలంలో మన్మాడ్ దాకా వేసిన గోదావరి లోయ రైలు మార్గం మేడ్చల్ మీదుగానే పోయింది. బ్రిటన్‌లో ఆ రోజుల్లోనే రైలు స్టేషన్ల పక్కన పశువుల వేలం మండపాలు లేచాయి. మధ్యలో గుండ్రని బరి, చుట్టూ మెట్లు మెట్లుగా కూర్చునే చోటు. బరిలోకి తోలిన ఎద్దు అందరికీ కనబడాలి, ఎవరు ఎంత పాడారో అందరికీ వినబడాలి. ఆ గది ఆకారమే బేరాన్ని బయటపెడుతుంది. అంతకు ముందే, 1855లో, లండన్ నడిబొడ్డున స్మిత్‌ఫీల్డ్ పశువుల సంత కంపు భరించలేక దాన్ని ఇస్లింగ్టన్‌కు మార్చారు. బన్నింగ్ అనే వాస్తుశిల్పి గీసిన పథకం అది: కొట్టాలు, నీళ్ల తొట్లు, నడుమ గడియారపు బురుజు. సంత ఎప్పుడో పోయింది, బురుజు ఇప్పటికీ ఉంది. 1887లో అయితే పశువుల సంతల్లో కాంటా పెట్టి తీరాలని అక్కడ చట్టమే చేశారు.

తెల్లవాడు ధర్మాత్ముడని ఈ మాట చెప్పడం లేదు. వాడికి మాంసం సరిగ్గా తూగాలి, లెక్క తేలాలి, అంతే. మనకు ఆ లెక్క కూడా పట్టలేదు.

మన అంగడిలో బేరం తువ్వాలు కింద సాగుతుంది. దళారి చెయ్యి, కొనేవాడి చెయ్యి గుడ్డ చాటున కలుస్తాయి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. పశువు తెచ్చిన రైతు ఆ రెండు మొహాల వంక చూస్తూ నిలబడతాడు. తూకం కంటి అంచనా. సర్దార్‌నగర్‌లోనో సదాశివపేటలోనో ఇది చూసి, మన సంస్కృతి ఎంత ముచ్చటగా ఉందో అని రాసుకున్నాం కూడా, పత్రికల వాళ్లం. ఆ గుడ్డ కింద రైతు ఎంత పోగొట్టుకున్నాడో రాయలేదు.

ఇక్కడా వేలం ఉంది, లేకపోలేదు. తైబజారు వేలం. పశువును పాడరు, అంగడినే పాడతారు. పాట గెలిచిన గుత్తేదారు జీవానికి ఇంతని వసూలు చేసుకుంటాడు. ఆ పైసల్లో తొట్టికి ఎంత, నీడకు ఎంత అని నిలదీసిన ఊరిపెద్ద అరుదు. నిలదీసే చట్టం మన చేతిలోనే ఉంది. 1966 నాటి మార్కెట్ల చట్టం పేరులోనే వ్యవసాయ ఉత్పత్తులతో పాటు పశుసంపద కూడా ఉంది. వడ్లకు యార్డులు వచ్చాయి, కూరగాయలకు బోయినపల్లి వచ్చింది. పశుసంపద చాలాచోట్ల పేరులోనే మిగిలింది.

2017లో గొల్లకురుమలకు యూనిట్‌కు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచారు. 2019 పశుగణన వచ్చేసరికి కోటీ తొంభై లక్షల గొర్రెలతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానం. చప్పట్లు కొట్టాం. ఇన్ని జీవాలు ఎక్కడ మేస్తాయి, ఎక్కడ అమ్ముడవుతాయి అని మాలో ఎవరం గట్టిగా అడగలేదు. అడిగితే మేతకు వదిలిన బంచరాయి భూముల సంగతి వస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఎకరం ధర విన్నాక పశువుల మేత గురించి మాట్లాడటం మాకే చిన్నతనంగా తోచింది. 2022లో బహదూర్‌పల్లి ప్లాట్లను ఆన్‌లైన్‌లో వేలం వేశారు. ఆ పాట పారదర్శకంగా జరగాలని అందరం కోరుకున్నాం.

కట్టడాలు రాలేదా అంటే వచ్చాయి. శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో వైద్య పరిశోధనకు పనికొచ్చే జంతువుల కోసం జాతీయ కేంద్రం కట్టారు. ఇదే మేడ్చల్ జిల్లా చెంగిచెర్లలో మాంసంపై పరిశోధనకు మరో జాతీయ కేంద్రం ఉంది. రెండూ కావలసినవే. ప్రయోగానికి వెళ్లే జంతువుకు గది ఉంది, కోసిన మాంసానికి ప్రయోగశాల ఉంది. బతికున్న గొర్రెను అమ్ముకునే మనిషి మాత్రం బక్రీద్ ముందు రోడ్డు పక్కన, లారీల దుమ్ములో, మందకు అడ్డంగా కర్ర పట్టుకుని నిలబడుతున్నాడు. మనం కారు అద్దం దించి, ధర తగ్గించమని బేరమాడి పోతున్నాం.

మీ ఊళ్లో తైబజారు పాట జరిగే రోజున వెళ్లండి. పోయినేడు వచ్చిన పైసల్లో జీవాల నీడకు, నీళ్లకు, కాంటాకు ఎంత పెట్టారో లెక్క చదవమనండి. మేం ఒక్కసారి కూడా అడగలేదు.