పోటీ సైకిలైనా పాల ప్యాకెట్‌కు పనికొస్తుంది

ఓపీకి వచ్చే షుగర్, బీపీ బాధితులను వ్యాయామం చేస్తున్నారా అని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు ఒకటే... టైం ఉండటం లేదు డాక్టరుగారూ! అదే ఇంటి సెల్లార్‌లో వేలు పోసి కొన్న గేర్ల సైకిల్ గాలి దిగిపోయి గోడకు ఆనుకుని ఉంటుంది.

సైక్లోక్రాస్ అనే ఆట నుంచి మనం నేర్చుకోవాల్సింది ఇక్కడే ఉంది. బెల్జియం, నెదర్లాండ్స్‌లో దీనికి ఆదరణ ఎక్కువ. బురద, ఇసుక, గడ్డి మీదుగా సుమారు గంటసేపు సాగే పందెమిది. తొక్కలేని చోట దిగి, సైకిల్‌ను భుజాన వేసుకుని పరుగెత్తాలి. రోడ్డు పోటీలు లేని చలికాలంలోనూ ఒంట్లో సత్తువ తగ్గకుండా చూసుకునేందుకు ఆటగాళ్లకు ఇది బాగా అక్కరకొచ్చింది. 1950లో దీనికి ప్రపంచ పోటీలు మొదలయ్యాయి.

ఈ పోటీలు ఫిబ్రవరికల్లా దాదాపు ముగుస్తాయి. తర్వాత ఆ సైకిల్ మూలన పడనక్కర్లేదు. బొడిపెల టైర్లు తీసి నున్నటివి వేసి, లైట్లు బిగిస్తే ఆఫీసుకు వెళ్లొచ్చు. ఫ్రేముకు వీలుంటే మడ్‌గార్డులు, క్యారియర్ కూడా అమర్చుకోవచ్చు. బురద ఇరుక్కోకుండా చక్రం చుట్టూ ఖాళీ ఎక్కువ ఉంచుతారు కాబట్టి కాస్త వెడల్పు టైర్లు కూడా పడతాయి. కంకర బాటకూ, గుంతల రోడ్డుకూ అవి నయం.

మన సైకిల్ ఏదైనా సూత్రం ఇదే. వ్యాయామం కోసం వేరే సమయం వెతక్కుండా, రోజూ చేసే పనికే దాన్ని ముడిపెట్టాలి. రైతుబజార్ రెండు కిలోమీటర్లు అనుకుందాం. గంటకు 12 కిలోమీటర్ల వేగంతో వెళ్లినా పోను పది నిమిషాలు, రాను పది. రోజూ వెళ్తే వారానికి 140 నిమిషాలు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అవసరమన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు. పాలకో, మందులకో ఒక్కసారి వెళ్లొస్తే ఆ లోటూ తీరిపోతుంది.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్ల ముందు భాగం నొప్పెడుతుంది. పెడల్ కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. మెడనొప్పి ఉన్నవారికి కిందికి వంగిన రేసు హ్యాండిల్ కంటే నిటారు హ్యాండిల్ మేలు. ఇన్సులిన్, షుగర్‌ను బాగా తగ్గించే మాత్రలు వాడేవారు జేబులో గ్లూకోజ్ ఉంచుకోవాలి. గుండెజబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుడిని అడగాలి. తొక్కుతుండగా ఛాతీలో బరువుగా అనిపిస్తే వెంటనే ఆగి ఆసుపత్రికి వెళ్లాలి. హెల్మెట్, చీకట్లో లైట్లు అందరికీ తప్పవు.

సైకిల్‌కు ఓ పరిమితి కూడా ఉంది. ఒంటి బరువును చాలావరకు సీటే మోస్తుంది కాబట్టి ఎముకలు గట్టిపడటానికి తొక్కడం ఒక్కటే చాలదు. ముఖ్యంగా నెలసరి ఆగిన మహిళలు నడక, మెట్లెక్కడం కూడా కొనసాగించాలి. ఎత్తు వస్తే దిగి నడిపించుకుంటూ వెళ్లడం నామోషీ కాదు. సైక్లోక్రాస్ ఛాంపియన్లు కూడా దిగుతారు.

కారున్నవాళ్లు సైకిలెక్కితే నలుగురూ ఏమనుకుంటారోనన్న బెరుకు చాలా ఇళ్లలో ఉంది. ఆ బెరుకు పోవాలంటే ముందు పెద్దలే తొక్కాలి. కొత్త సైకిల్ కొనక్కర్లేదు. ఈ ఆదివారం సెల్లార్‌లో ఉన్నదాని దుమ్ము దులపండి, బ్రేకులు చూపించండి, గాలి కొట్టించండి. సోమవారం పాల ప్యాకెట్‌కు దాని మీదే వెళ్లండి.