లేని మనిషికి జీవిత చరిత్ర

జూలియస్ సీజరును చంపిన కుట్రదారుల్లో గైయుస్ ఫ్లావియస్ ఆంటోనినస్ అనే ఒకడున్నాడని ఇంగ్లీషు వికీపీడియాలో ఎనిమిదేళ్లు ఒక వ్యాసం ఉండేది. 2012లో తీసివేశారు. అలాంటి మనిషి చరిత్రలో ఎన్నడూ లేడు. సీజరు పోయి రెండు వేల ఏళ్లయింది గనుక ఎవరికీ నష్టం లేదని సరిపెట్టుకోవచ్చు.

బ్రతికి ఉన్నవారి విషయం అలా కాదు. 2005 మే నెలలో అమెరికా పాత్రికేయుడు జాన్ సీగెంథాలర్ పేరిట ఒకడు సరదాకి ఒక పేజీ రాశాడు. కెనెడీ సోదరుల హత్యల్లో ఈయన హస్తముందని అనుమానించారట! నిజానికి ఆయన రాబర్ట్ కెనెడీ దగ్గర పనిచేసినవాడు, ఆయన శవపేటిక మోసినవారిలో ఒకడు. ఆ అపనింద నాలుగు నెలలకు పైగా అలాగే నిలిచింది. 78 ఏళ్ల వయసులో ఆయన తన నిర్దోషిత్వాన్ని పత్రికలో రాసి చెప్పుకోవలసి వచ్చింది. ఆ తర్వాతే, ఖాతా లేనివారు ఇంగ్లీషు వికీపీడియాలో కొత్త పేజీలు మొదలుపెట్టకుండా కట్టడి చేశారు.

ఇలాంటివి పట్టుబడేది చాలావరకు మనుషుల ఓపిక వల్లనే. జీతం లేని కార్యకర్తలు కొత్త పేజీలను తెరిచి చూస్తారు. కింద చూపిన పుస్తకం అసలు ఉందా, ఉంటే ఆ పేజీలో ఆ సంగతి ఉందా అని వెదుకుతారు. పచ్చి అబద్ధమని తేలితే నిర్వాహకులు వెంటనే తొలగిస్తారు. సందేహముంటే సాధారణంగా వారం రోజులు చర్చకు పెడతారు. ఇంత జరిగినా మోసం దాటిపోతుంది. ఎందుకంటే అబద్ధం రాసేవాడు ఆధారాలు చూపించడం కూడా నేర్చుకున్నాడు. చైనా భాష వికీపీడియాలో ఒక స్త్రీ పదేళ్లపాటు మధ్యయుగ రష్యా గురించి 200కు పైగా వ్యాసాలు కల్పించింది. లేని యుద్ధాలు, లేని వెండి గని. ఆమె చూపిన రష్యన్ పుస్తకాలను తెరిచి చూసినవారు లేరు. 2022లో ఒక నవలా రచయిత తన కథకు సరుకు వెదుక్కుంటూ వెళ్లి ఆ గుట్టు బయటపెట్టాడు.

మన పాఠకులకు ఇంకొకటి చెప్పాలి. ఆస్ట్రేలియా ఆదివాసుల దేవుడంటూ 'జారెడో వెన్స్' అనే పేరు 2005 నుండి 2015 వరకు వికీపీడియాలో ఉంది. అదీ కల్పనే. ఈలోగా, 2012లో క్రీస్తుకు వ్యతిరేకంగా వాదిస్తూ వచ్చిన ఒక పుస్తకంలో, మనుషులు కొలిచిన దేవుళ్ల జాబితాలోకి అది ఎక్కింది. చూశారా అని మనం నవ్వుకోనక్కరలేదు. ఎక్కడిదో, ఎవరు చెప్పారో తెలియని మిషనెరీ కథలు మన ప్రసంగ వేదికల మీద ఎన్ని వినబడటం లేదు?

వికీపీడియాను తప్పుపట్టడం తేలిక. అచ్చు పుస్తకాలేమీ తక్కువ తినలేదు. 1880లలో ఆపిల్టన్ సంస్థ వేసిన అమెరికా జీవిత చరిత్రల కోశంలో 14 మంది వృక్షశాస్త్రజ్ఞులు ఉత్త కల్పితాలని 1919లో గాని బయటపడలేదు. వికీపీడియాలో ఏ మాట ఏ రోజున ఏ ఖాతా నుండి చేరిందో ఆ పేజీ చరిత్రలోనే కనబడుతుంది. మన వాట్సాప్ సాక్ష్యాలకు ఆ పాటి జాడ కూడా లేదు.

మమ్మల్ని ఎక్కువగా బాధించేది వేరొకటి. అబద్ధాన్ని వడకట్టే ఈ జల్లెడలోనే మనవారు కూడా జారిపోతున్నారు. సువార్త సంచి భుజాన వేసుకొని ఊరూరూ నడిచిన బైబిలు స్త్రీ గురించి ఆమె మనుమడు పేజీ రాస్తే, అచ్చయిన ఆధారం లేదని అది నిలవదు. దొంగ ఆధారాలు పేర్చినవాడు పదేళ్లు నిలిచాడు, నిజంగా బ్రతికిన ఆమె వారం నిలవలేదు! అయినా ఆ నియమం తప్పని మేము అనము. అది లేకపోతే సీగెంథాలర్‌లాంటి వారికి రక్షణ లేదు.

ఒంగోలు ప్రాంతపు తొలి విశ్వాసుల్లో ఒకరైన యెర్రగుంట్ల పేరయ్యగారి సంగతి నేడు మనకు తెలుసంటే, క్లౌ దంపతులు ఆయన గురించి పుస్తకాల్లో రాసి ఉంచారు గనుక. 1878 జూలై 3న అక్కడే ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎందరి జీవితం ఎక్కడైనా రాసి ఉంది?

సంఘాలు శతజయంతి సంచికలు వేస్తున్నాయి. వాటిలో నాయకుల శుభాకాంక్షల ఫొటోలకు పోయే పేజీల్లో కొన్ని పాత బాప్తిస్మపు రిజిస్టర్లకు, కమిటీ మినిట్సు పుస్తకాలకు ఇవ్వవచ్చు. తేదీ ఎక్కడిదో, ఎవరు చెప్పారో పక్కనే రాయాలి. లేని అద్భుతాలు, పెంచిన లెక్కలు చేర్చవద్దు. రేపు ఎవరో ఆ సంచికనే ఆధారంగా చూపిస్తారు. ఒక ప్రతి గ్రంథాలయానికి, ఒకటి వేదాంత కళాశాలకు పంపితే పరిశోధకుల చేతికి అందుతుంది. పాత రిజిస్టరు ఎవరి ఇంట్లో, ఏ ట్రంకు పెట్టెలో ఉందో తెలిసిన పెద్దలు మన సంఘాల్లో ఇంకా కొందరున్నారు. చెదలు పట్టకముందే, ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వారిని అడగండి.