హోమగుండం దగ్గర నెట్ లెహంగా వద్దు

పెళ్లిబట్టలకు బయల్దేరే అమ్మాయిలకు, వాళ్ల తల్లులకు ఒక మాట. రంగు చూడండి, అంచు చూడండి, బేరమాడండి. కానీ ఆ బట్ట నిప్పు దగ్గర ఏమవుతుందో కూడా అడగండి. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు.

మన పెళ్లి అగ్నిసాక్షిగా జరుగుతుంది. లాజహోమం వేళ పెళ్లికూతురు గుండానికి ఆనుకునే కూర్చుంటుంది. దోసిట్లో పేలాలు అగ్నిలో వేస్తుంది. నెయ్యి పడగానే మంట ఒక్కసారిగా లేస్తుంది. చేతుల నిండా గాజులు, మెడలో బరువైన దండ, తల తిప్పనివ్వని పూలజడ. కొంగు ఎటు జారిందో ఆమెకు తెలియదు. పైగా బ్రహ్మముడి. ఒకరి బట్ట అంటుకుంటే రెండోవాళ్లు పక్కకు దూకే వీలు కూడా లేదు.

పూర్వమూ ఈ గుండమే కదా అంటారు. గుండం అదే, బట్ట మారింది. పట్టుపోగు వెంట్రుకలాంటిది. మంట తగిలితే మెల్లగా కమురుతుంది, నిప్పు దూరమైతే చాలావరకు తనే ఆరిపోతుంది. నైలాన్, పాలియెస్టర్ అలా కాదు, కరుగుతాయి. ఆ ముద్ద ఒంటికి అతుక్కుని ఇంకా కాలుస్తూనే ఉంటుంది. నెట్‌లో కన్నం కన్నానికీ గాలి ఆడుతుంది. లంగా గొడుగులా విచ్చుకోవాలని లోపల కుట్టే క్యాన్‌క్యాన్‌లో పొర మీద పొరగా అదే నెట్. పొయ్యిలో చితుకులు పేర్చినట్టే. పల్చటి నూలు కరగదు గానీ త్వరగా అంటుకుంటుంది, కాబట్టి మధుపర్కాలు కట్టినప్పుడూ కొంగు మీద కన్ను ఉండాల్సిందే.

మా బంధువుల ఇంట సంగీత్ రోజు వేదికకు రెండువైపులా రవ్వలు చిమ్మే గొట్టాలు పెట్టారు. కోల్డ్ పైరో, ఏం కాదన్నారు. పాట అయ్యాక చూస్తే అమ్మాయి లెహంగా అంచున రూపాయి బిళ్లంత కన్నం, దాని చుట్టూ గాజుపూసలా గట్టిపడిన నల్లటి ముద్ద. వేలితో తడిమితే గుచ్చుకుంది. అది పాదం మీద పడి ఉంటే? పేరులో చల్లదనం ఉన్నా అవి మండే లోహపు రవ్వలే. చేత్తో పట్టుకునే కాకరపువ్వొత్తి వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది. వాటి మధ్య నుంచి వధువును నడిపించడం మానేయాలి. ఈ మాట ఫొటోగ్రాఫర్‌కు ముందే చెప్పండి.

పట్టు అని అమ్మేదంతా పట్టు కాదు. ఆర్ట్ సిల్క్ అంటే పట్టు కాదని చాలామందికి తెలియదు. 2004 నుంచి సిల్క్ మార్క్ ఉంది, ఆ చీటీ చూసి కొనండి. అనుమానముంటే చీర చివరి పోగులు రెండు అడిగి, పటకారుతో పట్టుకుని, నీళ్ల పళ్లెం మీద కాల్చి చూడండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద నలిపితే పొడి అయితే పట్టు. కరిగి గట్టి పూస కడితే కాదు.

ముహూర్తపు బట్టకు క్యాన్‌క్యాన్ వద్దు, జాకెట్టుకు వేలాడే కుచ్చులు వద్దు, లైనింగ్ నూలుదే వేయమనండి. నెట్ సరదా రిసెప్షన్‌కు ఉంచుకోండి, అక్కడా కొవ్వొత్తులు దూరంగా పెట్టించండి. పీటల పక్కన బకెట్టు నీళ్లు, ఒక మందపాటి నూలు దుప్పటి పెట్టి, తోడిపెళ్లికూతురికి చూపించండి.

అంటుకుంటే పరుగెత్తనివ్వకండి. బ్రహ్మముడి విప్పే ప్రయత్నంలో క్షణం పోనివ్వకుండా వరుడి పైనున్న కండువా లాగి పడేయండి. నేల మీద పడుకోబెట్టి దుప్పటి కప్పి దొర్లించండి. మంట ఆరాక కాలినచోట 20 నిమిషాలు కుళాయి నీళ్లు పోయండి, వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీయండి. అతుక్కున్న బట్ట లాగొద్దు. సిరా, టూత్‌పేస్ట్, పసుపు ఏదీ రాయొద్దు. 108కి ఫోన్ చేయండి.

బట్టలు ఇప్పటికే కుట్టించేసి ఉంటే, ఇవాళే దర్జీ దగ్గరకు పంపి ఆ క్యాన్‌క్యాన్ విప్పించండి.