అలసిపోయినంత మాత్రాన

ఫాంటసీ చదివే స్నేహితులు ఒక పుస్తకాన్ని మెచ్చుకోవాలంటే ఈమధ్య ఒకటే మాట వాడుతున్నారు: "ఇందులో హీరోలు లేరు." ఆ మాట వెనకాలే ఒక మనిషి బొమ్మ వస్తుంది. నడివయసు సిపాయి. మోకాళ్ళ నొప్పులు, చాలని నిద్ర, బురద, టైముకి రాని జీతం. దేవుణ్ణి నమ్మడు, రాజుని నమ్మడు. చెప్పినచోటికి వెళ్ళి, చెప్పినవాళ్ళని చంపి, వచ్చి పేకాటకి కూర్చుంటాడు. మధ్యలో ఒక చేదు జోకు వేస్తాడు. ఆ జోకు దగ్గర మనం పడిపోతాం. "ఎంత రియల్‌గా ఉన్నాడ్రా" అనుకుంటాం.

నా పేచీ ఈ "రియల్" అనే మాటతోనే. ఆ మనిషి నిజంగా ఉన్నట్టు అనిపిస్తున్నాడంటే సరే. కానీ మనం ఆ మాట వాడేటప్పుడు అంతకంటే ఎక్కువే ఇచ్చేస్తున్నాం. పాపం అలసిపోయాడు కదా, ఇంక అతన్ని ఏమడుగుతాం అనే ఒక మినహాయింపు కూడా దాంతోపాటే ఇచ్చేస్తున్నాం.

పేచీ పెట్టుకోవాలంటే నాసిరకం పుస్తకంతో పెట్టుకుని లాభం లేదు. ఇవాళ "గ్రిమ్‌డార్క్" అని అట్టమీద వేసుకుని వస్తున్న నవలల్లోని సిపాయిలందరికీ పెద్దన్న లాంటివాడు ఒకడున్నాడు. గ్లెన్ కుక్ 1984లో అచ్చువేసిన 'ది బ్లాక్ కంపెనీ'లో కథ చెప్పే క్రోకర్. అతని దగ్గరికే పోదాం. కథ కొంత బయటపెడతాను. నలభై ఏళ్ళు దాటిన పుస్తకం, పర్లేదనుకుంటున్నాను.

కుక్ అమెరికన్ నేవీలో పనిచేశాడు. తర్వాత జనరల్ మోటార్స్ వాళ్ళ కార్ల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి పనిచేస్తూ, ఆ పని మధ్యలోనే నవలలు రాసుకున్నాడు. పుస్తకం చదువుతుంటే అది తెలుస్తుంది. అతని సైనికులు షిఫ్టు కార్మికుల్లా మాట్లాడుకుంటారు. కాపలా ఎవరిది, పేకలో మోసం చేస్తున్నదెవరు, పైవాడు ఇవాళ ఏ మూడ్‌లో ఉన్నాడు, ఇవే గొడవలు. వన్-ఐ, గాబ్లిన్ అని ఇద్దరు మాంత్రికులుంటారు. వందేళ్ళు పైబడిన మంత్రగాడు హాస్టల్ కుర్రాడిలా పక్కవాడి మీద పాములు వదలడం లాంటివి చేస్తుంటే నవ్వు ఆగదు. టోల్కీన్ తర్వాత వచ్చిన ఫాంటసీలో చాలా భాగం యుద్ధాన్ని కొండ మీద నిలబడి చూసింది. కుక్ దాన్ని కందకంలోకి దింపాడు. ఆ క్రెడిట్ అతనిదే, అందులో నాకు రెండోమాట లేదు.

ఇక ఒప్పందం సంగతి. బ్లాక్ కంపెనీ అంటే కిరాయి సైన్యం. వందల ఏళ్ళ చరిత్ర, దాన్ని రాసిపెట్టుకునే దస్త్రాలు, తమకంటూ ఒక పరువు. నవల మొదట్లో బెరిల్ అనే నగరాధిపతి దగ్గర కొలువులో ఉంటారు. ఉత్తరాది నుంచి ఇంతకంటే మంచి ఆఫర్ వస్తుంది. పాత ఒప్పందం తెగాలంటే యజమాని పోవాలి. యజమాని పోతాడు. ఆ చావులో కంపెనీ చేతులు శుభ్రంగా లేవు. కొత్త యజమానురాలి పేరు లేడీ. శతాబ్దాలపాటు సమాధిలో ఉండి లేచిన మంత్రగత్తె. ఆమె కింద, ఆమెకి కట్టుబడిపోయిన పదిమంది మహామాంత్రికులు. ఆ సామ్రాజ్యం ఎలాంటిదో కంపెనీలో వంటవాడికి కూడా తెలుసు. తెలిసే సంతకం పెట్టారు. "మమ్మల్ని మోసం చేసి చేర్పించారు" అనడానికి వీల్లేదు.

క్రోకర్ ఈ కంపెనీకి వైద్యుడు, చరిత్రకారుడు కూడా. మనం చదివేది అతను రాసిన దస్త్రమే. నవలలో ఒకచోట అతను కాస్త ఆగి మనతో ఒక మాట చెబుతాడు. మావాళ్ళు నేను చూపిస్తున్నంత మంచివాళ్ళు కారు, కానీ వీళ్ళు నా కుటుంబం, సొంతవాళ్ళ గురించి చెడు చెప్పకూడదని చిన్నప్పుడే నేర్పారు, అనే అర్థంలో. మన భాషలో చెప్పాలంటే ఇంటి గుట్టు. నాకు తెలిసిన చాలామంది పాఠకులకి ఈ పేరా గుర్తే లేదు. జోకులన్నీ గుర్తున్నాయి. నా లెక్కలో పుస్తకం మొత్తం ఈ పేరా మీదే తిరుగుతుంది. ఇది చదివాక ముందటి పేకాట సీన్లు మళ్ళీ తిరగేసి చూడండి. రాత్రి పేకాట వివరంగా ఉంది. ఆ మధ్యాహ్నం ఊళ్ళో ఏం జరిగిందో ఒక వాక్యంలో అయిపోయింది. మనం రిలీజ్ నోట్స్‌లో "చిన్న చిన్న సవరణలు" అని రాస్తామే, అలా. ఆ సవరణల కింద ఏం మారిందో రాసినవాడికే తెలుసు.

డార్లింగ్ అనే పిల్ల దొరికే ఘట్టం ఇంకొకటి. మూగ, చెవిటి పిల్ల. సొంత పక్షం సైనికులే, లింపర్ అనే మాంత్రికుడి మనుషులు, ఆ పిల్లమీద దౌర్జన్యం చేస్తుంటారు. కంపెనీలో కొత్తగా చేరిన రేవన్ అనేవాడు వెళ్ళి అడ్డుపడతాడు. మిగతావాళ్ళు అప్పుడు అతని వెనక నిలబడతారు, నిజమే. కానీ అడ్డుపడాలని ముందు తోచింది ఎవరికి? ఏళ్ళ తరబడి ఈ పనిలో అరిగిపోయిన మన ముద్దుల క్రోకర్‌కి కాదు. ఈ అలవాటు ఇంకా పూర్తిగా పట్టనివాడికి. అనుభవంతో వచ్చే అలసట మనిషిని లోతుగా చేస్తుందని మనం అనుకుంటాం. ఈ సీన్లో అది చేసిన పని, మనిషిని ఒక్క క్షణం ఆలస్యం చేయడం.

దీనికి సాధారణంగా వచ్చే జవాబు నాకు తెలుసు. అవతలి పక్షం కూడా అంతే దుర్మార్గులు కదా, రెబెల్స్ ఏమన్నా తక్కువ తిన్నారా అని. తినలేదు, కుక్ అది దాచలేదు. తిరుగుబాటు నాయకులు అధికారం కోసం ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుంటారు, జనాన్ని హింసిస్తారు. అయితే "అందరూ ఒకటే" అనే సిద్ధాంతం ఎవరికి గిట్టుబాటవుతుందో కూడా చూడాలి కదా. నెల తిరిగేసరికి జీతం అందుకునేవాడికి. పైగా ఈ సిద్ధాంతాన్ని నవలే ఒప్పుకోదు. మొదటి పుస్తకం చివర్లో ఆ డార్లింగ్ ఎవరో, రెబెల్స్ ఎదురుచూస్తున్నది ఈ పిల్ల కోసమేనని క్రోకర్‌కి అర్థమవుతుంది. లేడీకి చెప్పడు. నోరు మూసుకుంటాడు. అంటే దారి ఉంది. అన్ని దారులూ మూసుకుపోయిన లోకం అని మనం మురిసిపోతున్న ఆ లోకంలోనే, ఒక మనిషి ఒక పని చేయకుండా ఉండగలిగాడు. కాకపోతే అప్పటికి చార్మ్ కోట ముందు శవాలు గుట్టలుపడ్డాయి. ఆ గుట్టల్లో కొన్ని ఈ కంపెనీ పేర్చినవే.

మనకి ఈ జబ్బు ఇంగ్లీషు పుస్తకాలతోనే రాలేదు. 2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ దాకా తెలుగువాళ్ళతోపాటు దేశమంతా ఒకే ప్రశ్న అడిగింది, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని. జవాబు వచ్చింది: శివగామి ఆజ్ఞ. హాలంతా కట్టప్ప కోసం ఏడ్చింది. కట్టప్పది కాంట్రాక్టు కాదు, తాతల మాటకి కట్టుబడిన బానిసత్వం. కాబట్టి అతని కేసు వేరే, క్రోకర్‌కి ఉన్న వెసులుబాటు అతనికి లేదు. నాకు కుతూహలం మన ఏడుపు మీద. "ఎందుకు" అన్న ప్రశ్న రెండేళ్ళు అడిగాక, "చెప్పారు కాబట్టి" అన్న జవాబుతో మనం పూర్తిగా తృప్తిపడ్డాం. చేసిన చేతికి నొప్పి పుట్టింది, అది చాలనుకున్నాం. పాపమంతా భల్లాలదేవుడి ఖాతాలో పడిపోయింది.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అందుకే ఈ సిపాయి మాకెందుకు ఇంత నచ్చుతాడో కొంచెం తెలుసు. ఒక పాత ప్రాజెక్టులో క్లయింట్‌కి గోడౌన్ కూలీల మీద నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్ కావాలి. ఎవరు ఎన్ని నిమిషాలు కదలకుండా ఉన్నారో లెక్కేసి, ఆ నిమిషాల జీతం కోసే మాడ్యూల్. ఆ టీమ్‌లో ఒక సీనియర్ ఉండేవాడు. మంచి మనిషి, బాగా చదివినవాడు, వ్యవస్థ మీద అతను వేసే జోకులు వినడానికే లంచ్‌కి అతని టేబుల్ దగ్గర చేరేవాళ్ళం. ఆ రిక్వైర్‌మెంట్ చూసి నిట్టూర్చాడు. "మనం వెండర్లం బాబూ, వాళ్ళు అడిగారు, మనం ఇస్తాం" అన్నాడు. తర్వాత దాన్ని అందరికంటే బాగా డిజైన్ చేశాడు. ఒక్క బగ్ రాలేదు. ఆ పనిని నమ్మి చేసేవాడు ఎవడైనా ఉత్సాహంతో తప్పులు చేసేవాడేమో. నమ్మకం లేని నిపుణుడు శుభ్రంగా చేస్తాడు. లేడీకి కూడా బ్లాక్ కంపెనీ అందుకే కావాలి. భక్తులు ఆమె దగ్గర బోలెడుమంది ఉన్నారు.

ఇక్కడ తెలుగు విమర్శకుల సంగతి ఒక్కమాట. డ్రాగన్లూ మంత్రగాళ్ళూ ఉంటే అది పిల్లల సరుకని పక్కన పెట్టేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ దయవల్ల ఈ పుస్తకాల గురించి మాట్లాడే పని మొత్తం అభిమానుల చేతిలో పడింది. అభిమాని తనకి నచ్చిన పాత్రని ప్రశ్నలు అడగడు.

కుక్ మాత్రం అడిగాడు. నా కోపం కుక్ మీద కన్నా, అతని దగ్గర గొంతు మాత్రం అరువు తెచ్చుకుని, ఆ ప్రశ్నలు అక్కడే వదిలేసి వచ్చిన తర్వాతివాళ్ళ మీద. ఆ పొట్టి వాక్యాలు, ఆ నిర్లిప్తత, ఆ బురద, అన్నీ తెచ్చుకున్నారు. రెండో పుస్తకం 'షాడోస్ లింగర్'లో అతను చేసిన పని మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

అందులో అతను క్రోకర్ తలలోంచి బయటికొస్తాడు. ఒక అధ్యాయం క్రోకర్ చెబితే, ఇంకోటి జునిపర్ అనే చలి ఊళ్ళో మారన్ షెడ్ అనే సత్రం ఓనర్ వైపునుంచి నడుస్తుంది. షెడ్ పిరికివాడు. అప్పులు, గుడ్డి తల్లి, కట్టెలకి డబ్బుల్లేవు. ఊరి బయట కొండమీద పెరుగుతున్న ఒక నల్లకోటకి శవాలు అమ్మితే డబ్బులిస్తారని తెలిసి ఆ పనిలో దిగుతాడు. చచ్చినవాళ్ళతో మొదలుపెట్టి బతికున్నవాళ్ళ దాకా పోతాడు. అచ్చంగా కిరాయి పనే. తేడా ఏమిటంటే షెడ్‌కి కంపెనీ లేదు, దస్త్రం లేదు, జోకులేసే గొంతు లేదు. అందుకని మనకి వాడు అసహ్యంగా కనిపిస్తాడు. వాడు చేసినదాని కంటే చాలా ఎక్కువ చేసిన క్రోకర్ మాత్రం మన మనిషిలా కనిపిస్తాడు.

తర్వాత కంపెనీ జునిపర్‌కి వస్తుంది. మొదటి పుస్తకమంతా మనం పక్కన కూర్చుని పేకాడిన ఆ మనుషులే. ఇప్పుడు వాళ్ళని షెడ్ కళ్ళతో చూస్తాం. వాళ్ళు లోపలికి అడుగుపెడితే సత్రంలో మాటలు ఆగిపోతాయి. క్రోకర్ వచ్చి బల్ల ముందు కూర్చుంటాడు. ఎదురుగా ఉన్నవాడికి అతని మోకాళ్ళ నొప్పి తెలియదు. ఇతను తనని ఏం చేయబోతున్నాడా అని వాడు వణుకుతూ ఉంటాడు.