విశ్రాంత జీవితానికి చక్రాల ఇల్లు: సరిహద్దు దారుల్లో సాధ్యాసాధ్యాలు

జహీరాబాద్ దాటి హుమ్నాబాద్ దిశగా సాగే 65వ నంబరు జాతీయ రహదారిపై ట్రాలీ తగిలించిన ట్రాక్టరు కనిపించని పూట ఉండదు. చెరకు కాలంలో జంట ట్రాలీలు, జాతరల కాలంలో పందిరి వేసిన ట్రాలీలు ఈ ప్రాంతవాసులకు కొత్త కాదు. ఖానాపూర్ మైలార మల్లన్న దర్శనానికి వంటపాత్రలు, పరుపులు, నీళ్ల డ్రమ్ము వేసుకుని బయలుదేరి, చెట్టు కింద రెండు రాత్రులు గడిపి తిరిగివచ్చే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. కరెంటు లేని చోట, కుళాయి లేని చోట బస చేయడమన్నది ఇక్కడివారికి తాత ముత్తాతల నాటి విద్య. దానికే పాశ్చాత్య దేశాలలో ట్రావెల్ ట్రైలర్ అనీ, క్యారవాన్ అనీ పేర్లు పెట్టి, మంచం, వంటగది, మరుగుదొడ్డి అమర్చి, పదవీ విరమణ చేసిన దంపతులకు అమ్ముతున్నారు.

అమెరికాలో పిల్లల వద్ద కొన్ని నెలలు గడిపి వచ్చిన తల్లిదండ్రుల నోట ఈ మాట తరచుగా వినవస్తోంది. అరిజోనా రాష్ట్రంలోని క్వార్ట్జ్‌సైట్ ఎడారికి ప్రతి శీతకాలంలోనూ వేల సంఖ్యలో చక్రాల ఇళ్లు చేరుకుంటాయి. అక్కడి ప్రభుత్వ భూములలో సాధారణంగా 14 రోజుల వరకు రుసుము లేకుండానే విడిది చేయవచ్చు. దీర్ఘకాలం ఉండదలచినవారికి సెప్టెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు ప్రత్యేక స్థలాలు కేటాయించారు. ఆస్ట్రేలియాలో క్యారవాన్ తగిలించుకుని ఖండమంతా చుట్టివచ్చే వృద్ధులను ‘నెరిసిన సంచారులు’ అన్న అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. ఈ ముచ్చట చూసి వచ్చినవారికి ‘మనమూ ఒకటి కొంటే ఏమి?’ అన్న ఆలోచన కలగడం సహజమే. అయితే చేతికి వచ్చిన గ్రాట్యుటీ సొమ్ములో పెద్ద భాగాన్ని ఇనుప చక్రాల మీద పెట్టే ముందు ఈ గడ్డ మీది పరిస్థితిని తూచి చూడవలసిన అవసరం ఉంది.

సరిహద్దు వింతలలో ఒకటి ఇక్కడ ప్రస్తావించాలి. కర్ణాటక ప్రభుత్వోద్యోగి 60 ఏళ్లకు విరమణ పొందుతాడు. తెలంగాణ ఉద్యోగికి 2021 నుంచి అది 61. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి 62. ఒకే బడిలో చదువుకున్న ముగ్గురు మిత్రులు మూడు వేర్వేరు వయస్సులలో విశ్రాంతికి చేరుకుంటున్నారన్నమాట. కానీ వాహన లైసెన్సు విషయంలో మాత్రం ముగ్గురికీ చట్టం ఒకటే. 2019 సవరణ అనంతరం 55 ఏళ్లు దాటినవారికి లైసెన్సు ఐదేళ్లకు మాత్రమే పునరుద్ధరిస్తున్నారు. వైద్యుని ధ్రువపత్రం తప్పనిసరి. బరువైన ట్రైలరును లాగుతూ రాత్రివేళ ఎదురు దీపాల వెలుగులో నడపగల చూపు, వెనక్కు తిప్పి నిలపగల మెడ, నడుము 70 ఏళ్ల వరకు నిలుస్తాయా అన్నది దంపతులిద్దరూ నిజాయితీగా వేసుకోవలసిన ప్రశ్న. ఇద్దరిలో ఒకరికే డ్రైవింగు వచ్చిన ఇంట, ఆ ఒక్కరికి జ్వరం వస్తే చక్రాల ఇల్లు కదలదు.

చట్టం దృష్టిలో ట్రైలరు

మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలరు కూడా ‘మోటారు వాహనమే’. ఇంజను లేదు కదా అని రిజిస్ట్రేషను లేకుండా తిప్పడానికి వీలులేదు. లాగే వాహనానికి ఒక నంబరు, లాగబడే దానికి మరొక నంబరు; బీమా కూడా రెండింటికీ సరిచూసుకోవాలి. బీమా వివాదం ఎంత దూరం పోగలదో తెలియడానికి సుప్రీంకోర్టు 2001లో నాగశెట్టి కేసులో ఇచ్చిన తీర్పు చాలు. ట్రాక్టరు నడపడానికి లైసెన్సు ఉన్న వ్యక్తి, దానికి ట్రైలరు తగిలించినంత మాత్రాన లైసెన్సు లేనివాడు కాబోడని న్యాయస్థానం స్పష్టం చేసింది. తీర్పు వాహనదారునికి అనుకూలమే. కానీ ఢిల్లీ దాకా నడిచిన వ్యాజ్యం ఏ రిటైర్డు ఉపాధ్యాయునికీ వాంఛనీయం కాదు. ట్రైలరు ఉన్న సంగతిని పాలసీలో ముందే రాయించుకోవడం తేలిక.

ఇంతకంటే ప్రమాదకరమైనది వెల్డింగు షాపు మార్గం. పాత టెంపోనో, పాల వ్యానునో కొని, మంచం, గ్యాసుపొయ్యి బిగించి క్యారవాన్ చేయించుకోవాలన్న ఆలోచన చౌకగా కనిపిస్తుంది. తయారీదారు నిర్దేశించిన రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. రవాణా శాఖ ముందస్తు అనుమతి లేకుండా మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ విధించే నిబంధన అదే ఏడాది చట్టంలో చేరింది. ఇంజనుతో కూడిన క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. అమ్మేవాడు ఆమోద పత్రం చూపలేకపోతే, వాడు ఎంత తియ్యగా మాట్లాడినా బేరం అక్కడితో ఆపడమే మంచిది.

మూడు రాష్ట్రాల ముడి మరొకటి ఉంది. 1956కు ముందు జహీరాబాద్, నారాయణఖేడ్, ఉద్గీర్ అన్నీ బీదర్ జిల్లాలోనివే. రాష్ట్రాల పునర్విభజనలో మొదటి రెండూ మెదక్‌కు, ఉద్గీర్ నేటి మహారాష్ట్ర వైపుకు వెళ్లాయి. ఇల్లు ఒక రాష్ట్రంలో, చేను ఇంకొక రాష్ట్రంలో, వియ్యంకులు మూడవ రాష్ట్రంలో ఉన్న కుటుంబాలు ఈ భాగంలో కొల్లలు. ఒక రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. అందుచేత ట్రైలరు ఏడాదిలో ఎక్కువ కాలం ఏ ఊరి చేనులో నిలుస్తుందో ముందు తేల్చుకుని, ఆ రాష్ట్రంలోనే రిజిస్టరు చేయించుకోవడం వివేకం. కొందరు ఆశపడే ‘బీహెచ్’ వరుస నంబరు ఉద్యోగంలో ఉన్నవారికి ఉద్దేశించినది. విరమణ తరువాత దానిపై ఆశ పెట్టుకోరాదు.

బరువు లెక్క, కొక్కెం లెక్క

ట్రైలరు ఎన్నికలో మొదటి అంశం సొగసు కాదు, బరువు. అమెరికాలో 20 అడుగులు దాటిన ట్రైలర్లు రెండు మూడు టన్నులు తూగుతాయి. వాటిని లాగడానికి అక్కడ పెద్ద ఇంజను పికప్ వాహనాలు ఉన్నాయి. మన జీపు తరహా వాహనం ఎంత బరువు లాగగలదో తయారీదారు ఇచ్చిన పుస్తకంలో చూసుకోవాలి. పుస్తకంలో ఆ అంకె లేకపోతే లాగే పని దానికి ఒప్పజెప్పరాదు. భారతీయ నిబంధనలలో 750 కిలోల లోపు ట్రైలర్లు ఒక వర్గం, ఆపై మూడున్నర టన్నుల వరకు మరొక వర్గం. ఐరోపాలో 750 కిలోలు దాటిన ట్రైలరుకు సొంత బ్రేకులు తప్పనిసరి. చట్టం సంగతి ఎలా ఉన్నా, ఘాటు దిగేటప్పుడు వెనుక నుంచి తోసే బరువు ముందు వాహనపు బ్రేకుల మీద పడుతుందన్నది ట్రాక్టరు నడిపిన ప్రతి రైతుకూ తెలిసిన సత్యమే.

బరువును లోపల ఎలా సర్దాలన్నది కూడా ట్రాలీ విద్యే. సరుకంతా ఇరుసు వెనుక వేస్తే ట్రాలీ మూతి పైకి లేచి పామువలె ఊగుతుంది. అందుకే అమెరికాలో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద ఉండాలంటారు. నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు ఇరుసుకు దగ్గరగా ఉన్నాయా అని కొనేముందు వంగి చూడాలి. వేగం విషయంలో జర్మనీ సాధారణ పరిమితి గంటకు 80 కిలోమీటర్లు. గతుకులు, గేదెలు, ఎదురుదారిన వచ్చే మోటారు సైకిళ్లు ఉన్న మన దారులలో దానికంటే తక్కువే క్షేమం. నడుస్తున్న ట్రైలరులో మనుమలను కూర్చోబెట్టడం బ్రిటన్‌లో నేరం. జాతర ట్రాలీలు బోల్తాపడిన ఘటనల వార్తలు చదివినవారికి ఆ నియమం ఎందుకో వివరించనక్కరలేదు.

నీరు, ఎండ, మురుగు

కరెంటు లేని చోట బస అనగానే సౌర ఫలకాల ప్రస్తావన వస్తుంది. బీదర్ ఎండకు లోటు లేదు. 300 వాట్ల ఫలకం ఒకటి నిర్మలమైన రోజున సుమారు 1.2 యూనిట్ల విద్యుత్తు ఇస్తుంది. రాత్రంతా తిరిగే ఒక పొదుపు ఫ్యాను, రెండు దీపాలు, ఫోన్లు, 12 వోల్టుల చిన్న ఫ్రిజ్ కలిసి రోజుకు 0.8 నుంచి 1 యూనిట్ లోపు ఖర్చు చేస్తాయి. లెక్క సరిపోయింది. ఇక ఏసీ అంటే, ఒక టన్ను యంత్రం ఆరు గంటలు నడిస్తే నాలుగైదు యూనిట్లు మింగుతుంది. 12 అడుగుల కప్పు మీద రెండు ఫలకాలకు మించి పట్టవు. కనుక ‘సోలారుతో ఏసీ’ అని చెప్పే అమ్మకందారు మాటను కాగితం మీద లెక్క వేయించి చూడాలి. సాధారణ సీసపు బ్యాటరీలో రాసిన సామర్థ్యంలో సగమే వాడుకోదగినది. లిథియం రకంలో 80 శాతం పైగా వాడవచ్చు, ధర మాత్రం ఎక్కువ. ఇన్సులిన్ చల్లగా ఉంచవలసిన ఇంటివారికి ఈ లెక్క విలాసం కాదు, ప్రాణావసరం. జూలై, ఆగస్టు మబ్బులలో ఫలకం ఉత్పత్తి సగానికి పడిపోగలదని కూడా గుర్తుంచుకోవాలి.

నీటి లెక్క మరింత కఠినం. ఎంత పొదుపుగా వాడినా ఇద్దరికి తాగను, వండను, కడగను రోజుకు 40 లీటర్లు కావాలి. వంద లీటర్ల ట్యాంకు రెండున్నర రోజులు వస్తుంది; దాని బరువు వంద కిలోలు. బీదర్‌ను రాజధాని చేసుకున్న బహమనీలు సైతం నీటి కోసం ఎర్రరాతి పొరల కింద కరేజ్ సొరంగాలు తవ్వించవలసి వచ్చింది. నౌబాద్ వద్ద వాటి ఆనవాళ్లు నేటికీ చూడవచ్చు. నీరు దొరికే చోటును బట్టి విడిది ఎంచుకోవాలి తప్ప, దృశ్యాన్ని బట్టి కాదు.

అమ్మకందారులు మాట్లాడని అంశం మురుగు. ట్రైలరు మరుగుదొడ్డి కింద ఉండే పెట్టె సుమారు 20 లీటర్లది. ఇద్దరికి రెండు మూడు రోజులకే నిండుతుంది. విదేశాలలో దానిని ఒంపడానికి ప్రత్యేక స్థలాలు ఉన్నాయి. ఇక్కడ అలాంటి ఏర్పాటును ఎవరూ నమ్ముకోలేరు. మాంజ్రా ఒడ్డున, కారంజా జలాశయం అంచున ఒంపితే కింది ఊళ్ల తాగునీటిలో కలుస్తుంది. ఇంటి సెప్టిక్ ట్యాంకు వరకు మోసుకుపోవలసిందే, లేదా పెట్రోలు బంకు, ధర్మశాల వారిని బతిమాలుకోవాలి.

ఎక్కడ నిలపాలి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. అమెరికా ప్రభుత్వ భూములలో ఉన్నటువంటి విడిది హక్కు మన దేశంలో లేదు. కర్ణాటకలో గోమాళమన్నా, తెలంగాణలో గైరాన్ అన్నా అవి ఊరి పశువుల భూములు. పంచాయతీని అడగకుండా దిగితే ఊరివారు ప్రశ్నిస్తారు, ప్రశ్నించాలి కూడా. అభయారణ్యంలో అనుమతి లేకుండా ప్రవేశించడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. జలాశయపు గర్భంలో ఆరిన నేల చదునుగా, మనోహరంగా కనిపిస్తుంది. పైనుంచి నీరు వదిలిన రాత్రి అదే మృత్యువవుతుంది.

కేంద్ర పర్యాటక శాఖ 2009లోనే క్యారవాన్ పార్కుల విధానం ప్రకటించింది. మహారాష్ట్ర, కేరళ 2021లో సొంత విధానాలు తెచ్చాయి. కేరళలోని వాగమన్‌లో 2022 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రపు మొదటి పార్కు ప్రారంభమైంది. ఆంధ్రప్రదేశ్ కూడా ఈ దారిలో అడుగు వేసింది. ఈ విధానాల చూపు సాధారణంగా అద్దె వాహనాల మీద, కొండల మీద, సముద్ర తీరాల మీద ఉంటోంది. బీదర్ కోట, మహమూద్ గవాన్ మదరసా, నానక్ ఝీరా గురుద్వారా, ఝరణీ నరసింహ గుహాలయం, బసవకల్యాణ్ అనుభవ మంటపం ఇంత దగ్గర దగ్గరగా ఉన్న జిల్లాలో నాలుగు ట్రైలర్లు నిలిచి, నీరు పట్టుకుని, మురుగు ఒంపుకునే స్థలం ఒకటి ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. రహదారి పక్క చేను ఉన్న రైతు కుటుంబానికి అది అదనపు రాబడి కూడా కాగలదు. అయితే వ్యవసాయ భూమిని ఇతర వినియోగానికి మార్చాలంటే కర్ణాటకలో జిల్లాధికారి అనుమతి కావాలి. తెలంగాణలో దానికి వేరే చట్టం ఉంది. మొదటి బండి నిలపకముందే తహసీల్ కార్యాలయంలో విచారించుకోవాలి.

ఈ స్థితిలో సరిహద్దు గ్రామాల విశ్రాంత దంపతులకు పెద్ద ట్రైలరు కొనడం తొందరపాటే. నగరాలలో క్యారవాన్లు అద్దెకు దొరుకుతున్నాయి. మూడు నాలుగు రోజులు తీసుకుని, ఒకసారి చలికాలంలో, ఒకసారి వానలో గడిపి చూస్తే మోకాళ్లు ఆ మెట్లు ఎక్కగలవో లేదో, ఆ ఇరుకు మంచం మీద నిద్ర పడుతుందో లేదో తేలిపోతుంది. ఆ తరువాత కూడా కోరిక నిలిస్తే, 750 కిలోల లోపు చిన్న ట్రైలరు, ఒక ఇరుసు, ఒక ఫలకం, వంద లీటర్ల నీరు చాలు. మొదటి మజిలీ సొంత చేనే కావచ్చు. మంచె మీద పడుకుని జొన్న కాపలా కాసిన తరానికి కందిచేను గట్టున రాత్రి గడపడం కొత్తగా నేర్పనవసరం లేదు. ఏదైనా లోపం ఉంటే అక్కడే బయటపడుతుంది, కేకేస్తే పలికే దూరంలో మనుషులు ఉంటారు, బీదర్ పెద్దాసుపత్రి ఎంత దూరమో ముందే తెలిసి ఉంటుంది. దూర ప్రయాణమైతే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. మార్చి దాటితే రేకు డబ్బా పగలు పొయ్యిలా కాలుతుంది.

బయలుదేరే ముందు ట్రైలరును నిండా నింపి, దగ్గరలోని ధర్మకాటా మీద ఒకసారి తూకం వేయించాలి. చెరకు బండ్లను తూచే ఆ కాటా మీద వచ్చిన అంకె అమ్మకందారు కాగితంలోని అంకెకంటే ఎక్కువగా ఉంటే, దింపవలసిన సామాను ఏదో ఇంటి ముందే నిర్ణయించుకోవచ్చు.